కాళ్లు నీళ్లలోనే మొలిచాయి



మృగశిర కార్తె నాడు మొయినాబాద్‌లోగానీ చేవెళ్లలోగానీ చేపల దుకాణం ముందు కాసేపు నిలబడి చూడండి. రవ్వ, బొచ్చె, బంగారుతీగ మంచుగడ్డల మీద వరసగా పడి ఉంటాయి. కొర్రమట్ట అట్లా ఉండదు. తొట్టిలో జానెడు నీళ్లలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నా బతికే ఉంటుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. తొట్టి మీదికి వంగి ఒక్క నిమిషం ఓపిక పట్టారంటే, ఒక చేప మెల్లగా పైకి లేచి, మూతి నీళ్ల బయట పెట్టి, గుటుక్కున గాలి మింగి, మళ్లీ కిందికి జారడం కనిపిస్తుంది. కాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత మరొకటి.

ఆ మింగిన గాలి కడుపులోకి పోదు. మొప్పలకు పైన, తలలో రెండు పక్కలా చిన్న గదులుంటాయి. వాటి గోడల నిండా సన్నటి రక్తనాళాలు. గాలిలోని ప్రాణవాయువు అక్కడ రక్తంలో కలుస్తుంది. కొర్రమట్టకు మొప్పలు ఒక్కటే చాలవు. వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే, నీళ్లలో పుట్టిన ఈ చేప నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది.

గాలి పీల్చగలదు కాబట్టే ఇంకో పని కూడా చేయగలదు. తొలి వానలకు కుంటలు నిండి మత్తడి దుంకే రాత్రుల్లో, తడిసిన నేల మీద ఒళ్లు మెలితిప్పుకుంటూ ఈ మడి నుంచి ఆ మడికి, కుంటలోంచి వాగులోకి పోతుంది. కొర్రమట్టల బుట్టకు మూత గట్టిగా కట్టకపోతే తెల్లారేసరికి బుట్ట ఖాళీ అవుతుందని చెరువు మీద బతికే బెస్తలకూ ముదిరాజులకూ ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఎండాకాలం చెరువు అడుగంటితే బురదలో దూరి వానల దాకా కాచుకోవడమూ దీనికి తెలుసు.

ఈ చేపను చూసిన వాళ్లెవరికైనా మనసులో ఒక కథ అల్లుకుంటుంది. ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద చెరువులు ఎండిపోయి ఉంటాయి. చేపలు నీళ్లు వెతుక్కుంటూ నేల మీద పాకి ఉంటాయి. పాకగా పాకగా రెక్కలు బలపడి కాళ్లయి ఉంటాయి. మన పూర్వీకులు అట్లా నేలకెక్కి ఉంటారు. ఇది పామరుల ఊహ అనుకోకండి. ఆల్ఫ్రెడ్ రోమర్ అనే గొప్ప అమెరికన్ శాస్త్రవేత్త గత శతాబ్దం మధ్యలో దాదాపు ఇదే చెప్పాడు. ఎండిపోతున్న మడుగులోంచి ఇంకో మడుగుకు చేరడానికి కాళ్లు పనికొచ్చాయనీ, అంటే నీళ్లలో ఉండిపోవడానికే చేపకు కాళ్లు అవసరమయ్యాయనీ ఆయన వాదన. దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు ఈ మాటే చెప్పాయి.

ఎంత అందమైన కథో! కానీ అది జరిగిన కథ కాదని తర్వాత దొరికిన ఎముకలు చెప్పాయి. నిజానికి మన కొర్రమట్టే ఆ మాట చెబుతోంది. దాన్ని చేతిలోకి తీసుకుని మొప్పల వెనక ఉన్న రెక్కను విప్పి చూడండి. వెలుతురుకు అడ్డం పెడితే అవతలి వైపు కనిపించేంత పలుచన. సన్నటి పుల్లలు, వాటి మీద చర్మం, అంతే. మధ్యలో లావాటి ఎముక లేదు, మోచేయి లేదు, మణికట్టు లేదు. అయినా అది నేల దాటుతోంది. ఒంటిని మెలితిప్పి తోకతో నెట్టుకుంటోంది. నేల మీదికి రావడానికి కాళ్లు ఉండితీరాలన్న నియమమేమీ లేదన్న మాట. మరి కాళ్లు ఎందుకొచ్చాయి? ఎక్కడొచ్చాయి? ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది ఇదే. నేల మీదికి వచ్చాక చేపకు కాళ్లు మొలవలేదు. నీళ్లలో ఉండగానే మొలిచాయి.

వింటున్నవాళ్లు ఒకసారి కుడిచేత్తో ఎడమచేతిని తడుముకోండి. భుజం నుంచి మోచేయి దాకా ఒక్కటే ఎముక. మోచేయి నుంచి మణికట్టు దాకా రెండు. మణికట్టులో చిన్న చిన్న ఎముకల గుంపు. అక్కడి నుంచి వేళ్లు. ఒకటి, రెండు, గుంపు, వేళ్లు. ఇంట్లో కోడి కోసినప్పుడు రెక్కను చూడండి, పైభాగంలో ఒకటి, నడిమి భాగంలో రెండు. మేక ముందుకాలు విప్పి చూడండి, మోచేయి కింద ఆ రెండూ అతుక్కుపోయి ఉన్నా వరస మాత్రం అదే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చాలామంది చూసే ఉంటారు. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర భూగర్భ సర్వే వాళ్లు వెలికితీసిన ఎముకలవి. ఆ జీవికి యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో ఆ పేరు పెట్టారు. ముప్పై అడుగుల ఆ జంతువు ముందుకాలి దగ్గర నిలబడి లెక్కపెట్టండి. ఒకటి, రెండు, గుంపు, వేళ్లు. గబ్బిలం రెక్కలో అంతే, తిమింగలం తెడ్డులో అంతే.

ఇన్ని జీవుల్లో ఒకే వరస ఉందంటే, అది అందరికీ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉండాలి. ఆ పూర్వీకుడు చేప.

ఏ చేప? రవ్వ, బొచ్చె, కొర్రమట్ట లాంటివి కావు. వీటి రెక్కలన్నీ పుల్లల రెక్కలు. చేపల్లో ఇంకో తెగ ఉంది. వాటి రెక్క మొదట్లో కండ ఉంటుంది, ఆ కండ లోపల ఎముక ఉంటుంది. కండరెక్కల చేపలు అనుకుందాం. ఒకప్పుడు లోకమంతా నిండిన ఈ తెగలో ఈరోజు మిగిలినవి రెండే రకాలు. ఒకటి సీలకాంత్. అది ఏడు కోట్ల ఏళ్ల కిందటే అంతరించిందని అందరూ అనుకుంటుండగా 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కింది. ఈస్ట్ లండన్ అనే ఊరి మ్యూజియంలో పనిచేసే మార్జొరీ కోర్ట్నీ-లాటిమర్ చేపల కుప్పలోంచి దాన్ని గుర్తుపట్టింది. రెండోది ఊపిరితిత్తుల చేప. ఇది ఇప్పుడు ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో మాత్రమే బతికుంది. బతికున్న చేపలన్నిట్లో మనకు అతి దగ్గరి చుట్టం ఇదేనని జన్యువులను చదివి తేల్చారు.

ఆ చుట్టం ఒకప్పుడు మన గడ్డ మీదే ఉండేది. పాత ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి ఎర్రమట్టి పొరల్లో ఊపిరితిత్తుల చేపల దంతపు పలకలు దొరికాయి. విసనకర్ర ఆకారంలో గట్లు తేలిన పలకలవి, గుల్లల్ని నమిలి పిండిచేయడానికి పనికొచ్చేవి. థామస్ ఓల్డ్‌హామ్ 1859లోనే వాటి గురించి రాశాడు. వాటి వయసు 20 కోట్ల ఏళ్లకు పైమాటే. అదే మలేరిలో, అవే పొరల్లో, నాలుగు కాళ్లూ పెద్ద చదును తలా ఉన్న ఉభయచరం ఎముకలు కూడా దొరికాయి. దాన్ని ఇప్పుడు పాంథాసారస్ అంటున్నారు. కండరెక్కల చేప, కాళ్లున్న దాని చుట్టం, రెండూ ఇప్పటి గోదావరి లోయ నీళ్లలో పక్కపక్కన బతికాయి. అయితే రెక్క కాలుగా మారిన కాలం అప్పటికే ఎంతో వెనకబడిపోయింది. అది చూడాలంటే ఇంకా 15 కోట్ల ఏళ్లు వెనక్కి పోవాలి.

38 కోట్ల 50 లక్షల ఏళ్ల కిందటి రాళ్లలో యూస్థెనాప్టెరాన్ అనే చేప ఉంది. దాని రెక్కలో మొదట ఒక ఎముక, తర్వాత రెండు. వేళ్లు లేవు. 36 కోట్ల 50 లక్షల ఏళ్ల కిందటి రాళ్లలో కాళ్లూ వేళ్లూ ఉన్న జీవులున్నాయి. నడుమ రెండు కోట్ల ఏళ్ల ఖాళీ. నీల్ షూబిన్, టెడ్ డేష్లర్, ఫారిష్ జెంకిన్స్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు ఇక్కడే తెలివిగా ఆలోచించారు. నడిమి జీవి కావాలంటే నడిమి వయసు రాళ్లు వెతకాలి. అవి సముద్రపు రాళ్లు కాకుండా వాగులు, ఏర్లు పేర్చిన రాళ్లయి ఉండాలి. మట్టీ చెట్టూ కప్పని చోట ఉండాలి. భూగర్భ పటం ముందేసుకుని కెనడా ఉత్తరాన మంచుసీమలో ఎల్స్‌మియర్ దీవిని ఎంచుకున్నారు. 1999లో వెతుకులాట మొదలైంది. ఏడాదిలో కొన్ని వారాలే అక్కడ పని సాగుతుంది. 2004లో రాతిగోడలోంచి ఒక చదును మూతి బయటికి పొడుచుకొచ్చి కనిపించింది.

దానికి టిక్టాలిక్ అని పేరుపెట్టి 2006లో లోకానికి చూపించారు. వయసు 37 కోట్ల 50 లక్షల ఏళ్లు. అనుకున్న చోట, అనుకున్న వయసు రాళ్లలో, అనుకున్న జీవి! విజ్ఞానశాస్త్రం మీద గౌరవం పెరగడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఒంటి నిండా పొలుసులు, మొప్పలు, రెక్కల చివర పుల్లలు, ఇవన్నీ చేపవే. కానీ తల మొసలి తలలా చదును, కళ్లు నెత్తి మీద. మెడ ఉంది, అంటే ఒళ్లు కదపకుండా తల తిప్పగలదు. ఏ మామూలు చేపకూ ఆ పని చేతకాదు. ఇక రెక్క లోపల భుజం, మోచేయి, మణికట్టు లాంటి కీలు. అడుగున బురద మీద రెక్కలు ఆనించి, ఒంటిని కొద్దిగా పైకెత్తగలిగేది. తొమ్మిదడుగుల దాకా పెరిగేది. దానికి వెనక రెక్కలకు కూడా బలమైన కటి ఎముక ఉందని 2014లో తెలిసింది.

ఇంతకన్నా నన్ను ఎక్కువ కదిలించేది ఇంకో జీవి. దాని పేరు అకాంథోస్టెగా. 1970లో గ్రీన్‌లాండ్‌కు వెళ్లొచ్చిన ఒక విద్యార్థి అక్కడ ఎముకలు బాగా కనిపిస్తున్నాయని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అతను తెచ్చిన రాళ్లు కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో సొరుగుల్లో ఉండిపోయాయి. జెన్నీ క్లాక్ అనే శాస్త్రవేత్త ఆ నోట్లు చదివి, సొరుగులు తెరిచి, 1987లో గ్రీన్‌లాండ్ వెళ్లింది. తెచ్చిన రాళ్లను సూదులతో గీకి గీకి శుభ్రం చేస్తే, 36 కోట్ల 50 లక్షల ఏళ్ల కిందటి ఒక చేయి బయటపడింది. వేళ్లు లెక్కపెట్టారు. ఐదు కాదు, ఎనిమిది!

వేళ్లు ఐదే ఉండటం మొదటి నుంచీ ఉన్న ఏర్పాటని అప్పటిదాకా అందరూ నమ్మారు. అకాంథోస్టెగా కాలానికే చెందిన ఇక్తియోస్టెగా అనే ఇంకో జీవి వెనకకాలికి ఏడు వేళ్లు. ఐదు అన్నది తర్వాత తగ్గి తగ్గి స్థిరపడిన లెక్క. దాన్నుంచి మేకకు రెండయ్యాయి, గుర్రానికి ఒకటయింది. కానీ అకాంథోస్టెగా చెప్పిన అసలు సంగతి వేళ్ల లెక్క కాదు. దానికి లోపల చేప మొప్పలున్నాయి. తోక చుట్టూ ఈదడానికి పనికొచ్చే పుల్లల రెక్క ఉంది. కాళ్లు పక్కలకు చాచుకుని ఉన్నాయి, ఒంటి బరువు మోసే బలం వాటికి లేదు. అంటే అది నీళ్లలోనే బతికిన జీవి. పూర్తి కాళ్లు, పూర్తి వేళ్లు ఉన్నా నేల మీద నడవలేదు. చెరువు ఎండితే పాకి పోవడానికి కాళ్లొచ్చాయన్న పాత కథ అక్కడితో నిలవలేకపోయింది.

మరి నీళ్లలో కాళ్లెందుకు? ఉస్మాన్ సాగర్ అంచులకో హిమాయత్ సాగర్ అంచులకో ఒకసారి వెళ్లి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు అందుతుంది. మూసీ వరదల తర్వాత 1920లో ఒకటి, 1927లో ఒకటి పూర్తయిన ఈ జలాశయాల నడి నీళ్లలో ఈదే చేపకు కాళ్లు భారమే. కానీ అంచుల్లో సంగతి వేరు. మోకాలి లోతు నీళ్లు, కింద మెత్తటి బురద, పైన తుంగ, నాచు, తీగలు, పడిపోయిన కొమ్మలు. అక్కడ తోక కొట్టి దూసుకుపోవడానికి చోటుండదు. కలుపును పక్కకు నెట్టాలి, కొమ్మను పట్టుకోవాలి, కదలకుండా కాచుకుని ఉండి ఎదురొచ్చిన దాన్ని పట్టాలి. ఎండకు కాగిన అంచు నీళ్లలో, అందులోనూ ఆకులలములు కుళ్లే చోట, ప్రాణవాయువు తక్కువ. తెల్లవారుజామున చెరువులో చేపలు నోళ్లు తెరిచి పైకి తేలడం చేపలు పెంచే రైతులకు తెలుసు. గాలి కోసం మూతి పైకెత్తాలంటే ముందు భాగాన్ని దేనిమీదో ఆనించాలి. ఆనించడానికి కండ, ఎముక ఉన్న రెక్క ఉంటే మేలు.

డెవోనియన్ అనే ఆ యుగంలోనే భూమి మీద మొదటిసారి అడవులు పెరిగాయి. ఆకులు, కొమ్మలు వాగుల్లో పడటం కొత్తగా మొదలైంది. అంతకుముందు అట్లాంటి చిక్కటి, తక్కువ లోతు నీళ్లు ఇంత విరివిగా లేవు. ఆ చోటుకు తగ్గ ఒళ్లు తయారైంది. 2017లో మాల్కమ్ మెకైవర్, లార్స్ ష్మిట్జ్ పాత పుర్రెలను కొలిచి ఇంకో మాట చెప్పారు. కాళ్లు పూర్తిగా రాకముందే ఈ చేపల కళ్లు దాదాపు మూడింతలు పెద్దవై, నెత్తి మీదికి చేరాయి. నీళ్లలోంచి మొసలిలా కళ్లు పైకి పెట్టి ఒడ్డును చూసిన జీవులవి. ఒడ్డున పురుగులూ జెర్రులూ పాకుతున్నాయి. ఒడ్డు మీదికి కళ్లు ముందు వెళ్లాయి, కాళ్లు తర్వాత వెళ్లాయి.

ఇందులో ఇంకా తేలని చిక్కులు లేకపోలేదు. పోలండ్‌లో జహెల్‌మ్యే అనే చోట టిక్టాలిక్ కన్నా కోటి ఏళ్లకు పైగా పాతవైన రాళ్ల మీద అడుగుజాడలు దొరికాయని 2010లో ప్రకటించారు. అవి కాళ్ల జాడలేనా అన్న వాదన సాగుతోంది. అవే అయితే టిక్టాలిక్ మన ముత్తాత కాదు, ముత్తాత తమ్ముడి సంతతి. కాళ్లు పుట్టిన తేదీ వెనక్కి జరుగుతుంది గానీ వాటి రూపు తయారైన తీరు మారదు.

ఎముకలు ఇంతదాకా చెబితే, ప్రయోగశాలలు ఇంకొంచెం చెప్పాయి. మన దేశపు వాగుల్లో పుట్టిన ఒక చిన్న చారల చేప ఉంది. జీబ్రాఫిష్ అంటారు. హబ్సిగూడలోని సీసీఎంబీలోనూ దాని మీద పరిశోధనలు జరుగుతున్నాయి. ఎలుక పిండంలో వేళ్లు తయారుకావడానికి హాక్స్ 13 అనే జన్యువులు కావాలి. అవి లేకుండా చేస్తే వేళ్లు రావు. షూబిన్ బృందం అవే జన్యువులను జీబ్రాఫిష్‌లో తీసేసి 2016లో ఫలితం చెప్పింది. రెక్క చివరి పుల్లలు కురచబడ్డాయి, లోపలి చిన్న ఎముకలు పెరిగాయి. రెక్క పుల్లలకూ మన వేళ్లకూ ఒకే జన్యువులు కావాలన్న మాట. 2021లో హార్వర్డ్ పరిశోధకులు ఇంకో వింత చూశారు. ఒకే ఒక్క జన్యువులో చిన్న మార్పు వస్తే చాలు, జీబ్రాఫిష్ ముందు రెక్కలో కొత్తగా పొడవాటి ఎముకలు వచ్చాయి. వాటికి కీళ్లూ ఉన్నాయి, కండరాలూ అతుక్కున్నాయి. పుల్లల రెక్కల చేపలో కూడా చేయి తయారయ్యే దారి మూసుకుపోలేదు.

ఆఫ్రికాలో పాలిప్టెరస్ అనే చేప ఉంది, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. కెనడాలో ఎమిలీ స్టాండెన్ ఆ చేప పిల్లలను ఎనిమిది నెలల పాటు తడి నేల మీదే పెంచి 2014లో రాసింది. నేల మీద పెరిగినవి రెక్కలను ఒంటి కిందికి దగ్గరగా వేసి, తల ఎత్తి, తడబడకుండా నడిచాయి. వాటి భుజం ఎముకల ఆకారమే మారింది. ఒక్క తరంలోనే ఒళ్లు ఇంతగా మారగలదన్న మాట.

మన దేశంలో జరిగిన ప్రయోగం ఒకటి తప్పక చెప్పాలి. తెలంగాణ నేలల్లో కూడా ఉండే గుండ్రటి ఒక కప్ప ఉంది, తొలకరికి మట్టిలోంచి బయటికొస్తుంది. ఉత్కళ విశ్వవిద్యాలయంలో ప్రియంబదా మహంతి హెజ్మాడీ బృందం ఆ కప్ప తోకపిల్లల తోక కత్తిరించి, విటమిన్ ఏ ఉన్న నీళ్లలో ఉంచింది. తోక మళ్లీ మొలవాలి. మొలిచింది తోక కాదు, కాళ్లు! తోక ఉండాల్సిన చోట కాళ్లు. 1992లో ఈ సంగతి ‘నేచర్’ పత్రికలో వచ్చి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది.  కాలు తయారుచేసే మొత్తం పథకం కణాల్లో దాగి ఉంటుందనీ, సరైన సంకేతం అందితే ఊహించని చోట కూడా అది మేలుకుంటుందనీ ఆ తోకపిల్లలు చూపించాయి.

నీళ్లలో మొలిచిన ఆ కాళ్లు తర్వాత ఏమయ్యాయో చూడటానికి ఇప్పుడు చేవెళ్ల వైపు వద్దాం. మొయినాబాద్ దగ్గర గ్రానైటు గుండ్లు కనిపిస్తాయి. వాటి వయసు 250 కోట్ల ఏళ్లు, అవి చల్లబడిన నాటికి చేపలే లేవు. చేవెళ్ల దాటి పడమరకు పోయేకొద్దీ నల్లరేగడి, దాని కింద నల్లరాయి. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద పారిన లావా అది. ఒక లావా పారకానికీ ఇంకో పారకానికీ నడుమ వేల ఏళ్లు గడిచాయి. ఆ విరామంలో చెరువులు ఏర్పడ్డాయి, చేపలు, కప్పలు బతికాయి, మళ్లీ లావా వచ్చి కప్పేసింది. వికారాబాద్ ప్రాంతంలోని నస్కల్ దగ్గర అట్లాంటి ఒక పొరను నానబెట్టి, కడిగి, జల్లెడ పట్టి జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని చిన్న చిన్న పళ్లు బయటికి తీశారు. అవి డెక్కనోలెస్టిస్ అనే పాలిచ్చే జంతువువి. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ నాటి పాలిచ్చే జంతువు భారతదేశంలో దొరకడం అదే మొదలు. 1988లో ప్రకటించారు. తర్వాత దాని చీలమండ ఎముకలు కూడా దొరికాయి. మిల్లీమీటర్లలో కొలవాల్సినంత చిన్నవి. వాటి కీళ్ల వాలును చూసి, పాదాన్ని పక్కకు తిప్పి చెట్లెక్కగల జంతువని 1994లో తేల్చారు. నీళ్లలో బురద మీద ఆనడానికి పుట్టిన అవయవం, 30 కోట్ల ఏళ్ల తర్వాత మన పొరుగునే కొమ్మలు పట్టుకుంది.

చేవెళ్ల, పరిగి, వికారాబాద్ వైపు ఉన్న రైతులకూ, బావులు తవ్వేవాళ్లకూ, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లకూ, బడిపంతుళ్లకూ నాదొక విన్నపం. రెండు నల్లరాతి పొరల నడుమ తెల్లగానో బూడిదరంగులోనో పలుచటి పొర కనబడితే, అందులో గుల్లలో, పొలుసులో, పళ్లో, ఎముక ముక్కలో ఉంటే పారేయకండి, పగలగొట్టకండి. దొరికిన చోటు గుర్తుపెట్టి ఫొటో తీయండి. బండ్లగూడలోని భారత భూగర్భ సర్వే కార్యాలయానికి గానీ ఉస్మానియా విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికి గానీ కబురు చేయండి. నస్కల్‌లో దొరికిన ఎముకలు గోరు మీద పట్టేంతవి. మీ పొలంలో ఉన్నవి కూడా అంతే చిన్నవి కావచ్చు. కాబట్టి కాస్త వంగి చూడండి.